మిర్చి రైతుల గ్రూపులో స్పామ్‌ను ఎలా అదుపు చేశాం: ఒక కేస్ స్టడీ

గుంటూరు, పల్నాడు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిర్చి రైతులు కలిసి నడుపుకుంటున్న టెలిగ్రామ్ గ్రూపు గురించి రాస్తున్నాను. దాని అడ్మిన్లలో నేనూ ఒకణ్ణి. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్, మా ఇంటి వ్యవసాయం మిర్చి. ఈ గ్రూపు మొదట వాట్సాప్‌లో ఉండేది. అక్కడ ఒక గ్రూపులో 1,024 మందికి మించి పట్టరు. చేరాలని అడిగేవారు పెరిగిపోవడంతో టెలిగ్రామ్‌కు మారాం. ఇక్కడ 2 లక్షల మంది దాకా ఉండవచ్చు, కాపలాకు బాట్‌లను, అంటే వాటంతటవే పనిచేసే ప్రోగ్రాములను, పెట్టుకోవచ్చు. అయితే వాట్సాప్‌లో ఉన్నప్పుడు అరుదుగా కనిపించిన స్పామ్ (ఎవరూ అడగని ప్రకటనలు, మోసపు సందేశాలు) ఇక్కడ రోజువారీ సమస్య అయింది.

ముందుగా ఈ గ్రూపు వల్ల ఏం ప్రయోజనమో చెప్పాలి. అది తెలియకపోతే ఎందుకింత శ్రమ పడ్డామో అర్థం కాదు. ఉదయం గుంటూరు యార్డు ధరలు వస్తాయి: తేజ రకం ఎంత, బాడిగ రకం ఎంత, తాలు (రంగు పోయిన నాసిరకం కాయలు) ఎంత. ఆ తర్వాత రోజంతా ఆకుల ఫొటోలు, పూత ఫొటోలు. 2021-22 సీజనులో నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలకు తోటలనే ఊడ్చేసినప్పుడు, పక్క మండలంలో ఏం జరుగుతోందో రైతుకు ముందుగా తెలిసింది ఇలాంటి గ్రూపుల ద్వారానే. ఎకరానికి లక్షల్లో పెట్టుబడి పెట్టే పంట ఇది. సాయంత్రం అడిగిన ప్రశ్నకు రాత్రికల్లా జవాబు దొరికితే మర్నాటి పిచికారీ మారుతుంది. ఆ ప్రశ్న అడగడానికి రైతు జంకితే గ్రూపు ఉండీ లేనట్టే. స్పామ్ విషయంలో మేము తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ ఈ ఒక్క కొలతతోనే చూసుకున్నాం.

ఏ రూపాల్లో వచ్చింది

లెక్కకు ఎక్కువగా వచ్చినవీ, హాని తక్కువగా చేసినవీ ఒకే రకం సందేశాలు. బెట్టింగ్ యాప్‌లు, క్రిప్టో లాభాలు, ఇంట్లో కూర్చుని వీడియోలకు లైక్ కొడితే డబ్బులు వంటివి. వీటిని పంపేది మనుషులు కాదు, ప్రోగ్రాములు. గ్రూపులో చేరిన మరుక్షణమే పోస్టు పడుతుంది, ఆ ఖాతా మళ్లీ కనిపించదు. చిరాకు పుట్టించినా, మా రైతులు వీటిని చూడగానే పోల్చుకుంటారు.

రెండో రకం పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే ఫోన్‌లో యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైళ్లు. 2019లో మొదలైన ఈ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయలు, 2,000 చొప్పున మూడు విడతల్లో పడతాయి. విడత పడే రోజులు దగ్గరపడగానే ‘మీ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోండి’ అంటూ ఫైలు దిగుతుంది. ఇన్‌స్టాల్ చేస్తే ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఆ అనుమతి ఇచ్చిన క్షణం నుంచి బ్యాంకు ఓటీపీలు అవతలివారి చేతికి వెళతాయి. ఇది చదువు లేనివారి సమస్య అనుకోవడం పొరపాటు. డబ్బు కోసం ఎదురుచూస్తున్న రోజున ఎవరైనా నొక్కుతారు.

మూడో రకాన్ని స్పామ్ అని తేల్చడమే కష్టం, ఎందుకంటే అది మిర్చి గురించే మాట్లాడుతుంది. ‘నల్ల తామరకు గ్యారంటీ మందు, రెండు పిచికారీలతో పూర్తిగా మాయం’ అంటుంది, డబ్బా ఫొటో పెడుతుంది, ఫోన్ నంబరు ఇస్తుంది. ఆ డబ్బా మీద చూస్తే లోపల ఏ రసాయనం ఉందో రాసి ఉండదు. పత్తి విత్తే రోజుల్లో అనుమతి లేని, గడ్డి మందును తట్టుకునే పత్తి విత్తనాలను బీజీ-3 పేరుతో అమ్మేవాళ్లు కూడా ఇదే దారిలో వస్తారు, మా సభ్యుల్లో చాలామందికి పత్తి కూడా ఉంటుంది కాబట్టి.

నాలుగోది గ్రూపులో కనిపించనే కనిపించదు. నన్నడిగితే అసలు దాడి అదే. దాని గురించి తర్వాత వివరంగా చెబుతాను.

గుమ్మం దగ్గర

అందరికీ తెరిచి ఉంచిన చోటు ఎలా పాడవుతుందో ఇంటర్నెట్ ముప్పై ఏళ్ల కిందటే చూసింది. 1994 ఏప్రిల్ 12న అమెరికాలోని అరిజోనాకు చెందిన న్యాయవాద దంపతులు గ్రీన్ కార్డు లాటరీ ప్రకటనను, ఇంటర్నెట్ తొలినాళ్ల చర్చా వేదిక యూజ్‌నెట్‌లోని వేలాది చర్చా సమూహాల్లో ఒకేసారి పెట్టారు. విదేశాల్లోని తెలుగువారు కబుర్లు చెప్పుకున్న సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే సమూహం కూడా ఆ యూజ్‌నెట్‌దే. అక్కడి సమూహాల్లో చాలావాటికి కాపలా లేదు, ఎవరు ఏం పెట్టినా పడేది. చివరికి 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ తన గ్రూప్స్ ద్వారా యూజ్‌నెట్‌లో కొత్త పోస్టులకు దారి మూసేసింది. చెప్పిన కారణాల్లో స్పామ్ ఒకటి.

అందుకని మేము మొదట పట్టించుకున్నది సందేశాన్ని కాదు, చేరే పద్ధతిని. టెలిగ్రామ్‌లో లింకు ద్వారా వచ్చినవారు నేరుగా చేరకుండా, అడ్మిన్ అనుమతి కోసం ఆగేలా చేయవచ్చు. అలా ఆగినవారికి మా బాట్ తెలుగులో ఒక ప్రశ్న పంపుతుంది. ‘తాలు అంటే ఏమిటి?’, ‘పై ముడతకు, కింది ముడతకు తేడా ఏమిటి?’ వంటివి మార్చి మార్చి అడుగుతాం. మిర్చి వేసినవాడికి ఇది ప్రశ్నే కాదు. తెలుగు టైపు చేయడం రానివారు వాయిస్‌లో చెప్పవచ్చు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినా తీసుకుంటాం. జవాబులను ఒక అడ్మిన్ చూసి లోపలికి పంపుతాడు. బెట్టింగ్ స్పామ్‌లో చాలా భాగం ఈ ఒక్క అడుగుతోనే ఆగిపోయింది. ఆ ప్రోగ్రాములు ప్రశ్న దాకా వస్తాయి, జవాబు ఇవ్వకుండా పోతాయి.

తర్వాతది, చేరిన కొత్తవారు ఏమేం చేయవచ్చన్నది. గ్రూపుల్లో సాధారణంగా చెప్పే సలహా ఏమిటంటే, కొత్తవారికి కొన్ని రోజులు రాత తప్ప ఫొటోలు, వీడియోలు అన్నీ ఆపేయమని. మాకు అది పనికిరాదు. కొత్తగా వచ్చే రైతు ఊరికే రాడు, తోటలో ఏదో తేడా కనబడితేనే వస్తాడు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండింటికీ వాడే మందులు వేరు. ఫొటో లేకుండా ఆ మాట ఎవరు చెప్పగలరు? అలాంటివాడికి ‘వారం ఆగి ఫొటో పెట్టు’ అంటే గ్రూపు ఎందుకు? అందుకే ఫొటోలు, వాయిస్ మొదటి నిమిషం నుంచే తెరిచి ఉంచాం. లింకులు, ఇతర చోట్ల నుంచి ఫార్వర్డ్ చేసిన సందేశాలు మాత్రం, సభ్యుడు కొంతకాలం సంభాషణలో పాల్గొన్నాకే వదిలేలా బాట్‌ను పెట్టాం. ఫైళ్లు పంపే వీలు మొత్తం గ్రూపుకే తీసేశాం. 2023 మొదట్లో టెలిగ్రామ్ ఫొటోలకు, వీడియోలకు, ఫైళ్లకు విడివిడిగా అనుమతులు ఇచ్చాక ఇది సులువైంది. లాం ఉద్యాన పరిశోధనా స్థానం సూచనల పీడీఎఫ్ లాంటిది ఎవరి దగ్గరైనా ఉంటే అడ్మిన్‌కు పంపుతారు, అడ్మిన్ పెడతాడు. ఏపీకేల బెడద ఆ రోజుతో గ్రూపులో పోయింది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం గుర్తుంచుకోవాలి. టెలిగ్రామ్ అనుమతుల్లో లింకులకు సంబంధించి ఉన్నది లింకు కింద వచ్చే బొమ్మను, శీర్షికను ఆపుతుందే తప్ప లింకును ఆపదు. లింకునే ఆపాలంటే బాట్ తప్పనిసరి.

తెలుగులో మాటల వడపోత

చాలా గ్రూపులు మొదట చేసేది నిషిద్ధ పదాల జాబితా పెట్టడం. మేమూ జాబితా రాశాం కానీ, సందేశాలను తొలగించే అధికారం బాట్‌కు ఇవ్వలేదు. జాబితాలోని మాట కనబడితే అడ్మిన్ల గ్రూపుకు సమాచారం పంపడం వరకే దాని పని. ఇంకెవరైనా ఈ పని చేస్తుంటే ఇలాగే మొదలుపెట్టమని గట్టిగా చెబుతాను, ఎందుకో ఈ కింది ఉదాహరణలు చూస్తే తెలుస్తుంది.

అప్పుల యాప్‌ల ప్రకటనలు ‘లోను’ అని రాస్తాయి. ఆ రెండక్షరాలను సందేశంలో ఎక్కడున్నా పట్టుకోమంటే బాట్ ‘వేసవిలోను’, ‘నల్ల నేలల్లోను’, ‘మొదటి కోతలోను’ అన్న ప్రతి వాక్యాన్నీ పట్టుకుంది. ‘బెట్టింగ్’ను, దాని రూపాలన్నిటినీ కలిపి పట్టుకుందామని మొదటి భాగం ‘బెట్ట’ను ఇస్తే, వర్షాలు ముఖం చాటేసిన రోజుల్లో ‘తోట బెట్టకు వచ్చింది, తడి ఎప్పుడు పెట్టాలి’ అని అడిగిన రైతులందరూ దాని లెక్కలో జూదగాళ్లయ్యారు. తెలుగులో విభక్తులు మాటకు అతుక్కునే ఉంటాయి. మాటను మొత్తంగా ఇస్తే ‘పెట్టుబడికి’, ‘పెట్టుబడులతో’ వంటి రూపాలు తప్పించుకుంటాయి, ముక్కగా ఇస్తే అమాయకులు దొరుకుతారు. ఇంగ్లీషు కోసం తయారైన బాట్‌లకు ఈ సంగతి తెలియదు.

ఇంకో చిక్కు కంటికి కనిపించని అక్షరం. స్పామ్ పంపేవారు వడపోతను తప్పించుకోవడానికి మాటల మధ్య వెడల్పు లేని గుర్తులను దూరుస్తారు. అవి ఉన్న సందేశాలను తీసేయమని కొన్ని బాట్‌లలో ఒక అమరిక ఉంటుంది. తెలుగులో ‘యూట్యూబ్‌లో’ అని సరిగ్గా రాయాలంటే బ్ తర్వాత అలాంటి గుర్తే కావాలి, లేకపోతే ల ఒత్తుగా మారి కింద చేరుతుంది. కొన్ని ఫోన్ కీబోర్డులు దాన్ని వాటంతటవే పెడతాయి. అంటే శుద్ధంగా తెలుగు రాసేవారే ఆ నియమానికి బలవుతారు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను స్తంభింపజేసిన ‘జ్ఞా’ గుర్తుందా? ఆ అక్షరాల వరుసలోనూ ఈ గుర్తు ఉంది. అప్పట్లో కొందరు దాన్ని గ్రూపుల్లో పడేసి ఐఫోన్లు ఉన్నవారిని ఇబ్బంది పెట్టారు. లోపం ఆపిల్ సాఫ్ట్‌వేర్‌ది, కొద్ది రోజుల్లోనే సరిదిద్దారు. ఆ ఒక్క సంఘటనను చూపించి తెలుగు గుర్తులనే అనుమానించే వడపోతలు పెట్టడం అన్యాయం.

చివరికి మాటల జాబితా దాదాపుగా ఖాళీ చేశాం. మిగిలిన నియమాల్లో ఒక్కటి మాత్రం బాగా పనిచేస్తోంది. ఒకే మాటలో ఇంగ్లీషు, రష్యన్ అక్షరాలు కలిసి ఉంటే ఆపడం. రష్యన్ లిపిలో కొన్ని అక్షరాలు అచ్చం ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తాయి, వాటిని కలిపి రాసి బాట్ కళ్లు గప్పుతారు. మిర్చి రైతుకు ఆ లిపితో పని లేదు కాబట్టి, ఈ నియమం ఎవరినీ నొప్పించదు. 200 మందికి మించిన గ్రూపులకు టెలిగ్రామ్ 2022 చివర్లో సొంతంగా ఒక కఠిన వడపోతను ఇచ్చింది. దాన్నీ వాడుతున్నాం. అది పొరపాటున తీసేసినవాటిని అడ్మిన్ల చర్యల పట్టికలో చూసి, తప్పు అని టెలిగ్రామ్‌కు తెలియజేయవచ్చు. కాకపోతే ఆ పట్టిక 48 గంటలే నిలుస్తుంది. రోజూ ఎవరో ఒకరు చూడకపోతే ఒక రైతు ప్రశ్న అలా కనుమరుగై పోతుంది. ఆ రైతు తననే తీసిపారేశారనుకుంటాడు.

రాత్రి కాపలా ఒక సమస్య అయింది. స్పామ్ ఎక్కువగా పడేది మనం నిద్రపోయే వేళల్లోనే. మా సభ్యుల పిల్లలు కొందరు అమెరికాలో ఉన్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు అడ్మిన్లుగా ఉండటానికి ఒప్పుకున్నారు. ఇక్కడ అర్ధరాత్రి అయితే వాళ్లకు పగలు. తండ్రి పొలం గురించి రోజూ నాలుగు ముక్కలు చదివే వీలు దొరికిందని వాళ్లూ సంతోషంగానే చేస్తున్నారు.

కనిపించని దాడి

ఒక రైతు తన తోట ఫొటో పెట్టి ‘ఏం కొట్టాలి?’ అని అడుగుతాడు. కాసేపటికి అతనికి వ్యక్తిగతంగా ఒక సందేశం వస్తుంది. పంపినవారి పేరు మా అడ్మిన్ పేరే, ఫొటో కూడా అదే. ‘మీ పోస్టు చూశాను, మన గ్రూపు తరఫున మందు తెప్పిస్తున్నాం, ముందు కొరియర్ ఖర్చు పంపండి.’ గ్రూపులో ఒక్క చెడ్డ అక్షరం కూడా పడలేదు. బాట్‌కు పట్టుకోవడానికి ఏమీ లేదు. స్పామ్ పంపేవాళ్లకు నిజంగా కావలసింది మా గ్రూపు గోడ కాదు, సభ్యుల జాబితా, అందులోనూ ఆపదలో ఉన్నానని తనంతట తానే చెప్పుకున్న మనిషి పేరు. ఇది తెలిశాక గ్రూపు లోపల పడే బెట్టింగ్ ప్రకటనలను లెక్కపెట్టడం మానేశాం.

మాకు తెలిసివచ్చిన ఒక సందర్భం చెబుతాను. ప్రకాశం జిల్లా రైతు ఒకాయన ఇలాగే మొదట కొరియర్ ఖర్చు, తర్వాత మందు డబ్బు పంపారు. మందు రాలేదు. ఆయన ఆ సంగతి గ్రూపులో చెప్పలేదు, మాకూ చెప్పలేదు. పక్క ఊరి సభ్యుడి ద్వారా తెలిసి ఫోన్ చేశాను.

‘చెబితే నలుగురూ నవ్వుతారని ఊరుకున్నాను బాబూ. ఇంట్లో కూడా చెప్పలేదు’ అన్నారు.

‘మీరేం తప్పు చేశారని బాబాయ్? మా పేరు పెట్టుకుని మోసం చేశారు. ముందు 1930కి ఫోన్ చేద్దాం, నేను లైన్‌లో ఉంటాను’ అన్నాను.

1930 సైబర్ ఆర్థిక మోసాల సహాయ నంబరు. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే, డబ్బు అవతలి ఖాతా నుంచి జారిపోకముందే నిలిపేసే అవకాశం అంత ఉంటుంది. ఆయన విషయంలో రోజులు గడిచిపోయాయి, డబ్బు తిరిగి రాలేదు. ఆ ఆలస్యానికి కారణం సిగ్గు. అందుకని ఆయన అనుమతితో, పేరు, ఊరు లేకుండా జరిగినదంతా గ్రూపులో పెట్టాం. దాని కింద ఎవరైనా ఎగతాళి చేస్తే తొలగిస్తామని ముందే రాశాం. ఎవరూ చేయలేదు. పైగా తమకూ అలాంటి సందేశాలు వచ్చాయని ఒకరి తర్వాత ఒకరు స్క్రీన్‌షాట్లు పెట్టారు. అప్పటిదాకా మాకు తెలియని దొంగ ఖాతాలు ఎన్నో ఆ ఒక్క పూటలో బయటపడ్డాయి.

దాని తర్వాత సభ్యుల జాబితాను అడ్మిన్లకు తప్ప ఎవరికీ కనిపించకుండా దాచాం. 100 మందికి మించిన గ్రూపుల్లో ఈ వీలుంది. ఇది పూర్తి రక్షణ కాదు. పోస్టు పెట్టిన మనిషి పేరు ఎలాగూ కనిపిస్తుంది, దాని మీద నొక్కి సందేశం పంపవచ్చు. అందుకే ప్రతి ప్రశ్న కిందా బాట్ ఒక చిన్న హెచ్చరిక పెడుతుంది: ‘మన అడ్మిన్లు ఎవరూ మీకు విడిగా సందేశం పంపరు, డబ్బు అడగరు. అలా వస్తే స్క్రీన్‌షాట్ ఇక్కడే పెట్టండి.’ ఇది అడ్మిన్లకు కూడా కట్టుబాటే. విడిగా మాట్లాడవలసి వస్తే, గ్రూపులోనే ‘మీరు నాకు సందేశం పంపండి’ అని రాస్తాం. ముందుగా పలకరించేది ఎప్పుడూ సభ్యుడే. ఈ నియమాన్ని ఒక్క అడ్మిన్ ఒక్కసారి తప్పినా, దొంగ సందేశానికి నమ్మకం అరువిచ్చినట్టే.

సభ్యులకు యూజర్‌నేమ్ పోల్చి చూసుకోమని చెప్పేవాళ్లం. ఇప్పుడు ఆ సలహా ఇవ్వడం లేదు. ఇంగ్లీషులో పెద్ద ఐ, చిన్న ఎల్ ఒకేలా కనిపిస్తాయి. ఎండలో, చేలో, పగిలిన స్క్రీను మీద ఆ తేడా పట్టమని అరవై ఏళ్ల మనిషిని అడగకూడదు.

మందుల కొట్టు యజమానులు

గ్రూపులో పురుగుమందుల దుకాణాలవారు కొందరున్నారు. వాళ్లను స్పామర్లతో కలిపి తరిమేయాలని గట్టిగా వాదించిన సభ్యులున్నారు. నేను ఒప్పుకోలేదు. వారిలో ఒకాయన తెగుళ్లను ఫొటో చూసి చెప్పడంలో మా అందరికంటే నేర్పరి. అయితే ఆయన ప్రతి జవాబూ తన కొట్లో ఉన్న ఏదో ఒక మందు పేరుతో ముగిసేది. ఆయనతో మాట్లాడి ఒక పద్ధతి కుదుర్చుకున్నాం, తర్వాత అదే అందరికీ నియమమైంది: మందును సాంకేతిక నామంతోనే, అంటే లోపలి రసాయనం పేరుతోనే, చెప్పాలి, కంపెనీ పెట్టిన పేరు రాయకూడదు. స్పైనెటోరామ్ అనండి, ఫిప్రోనిల్ అనండి, లీటరు నీటికి ఎంతో చెప్పండి. రైతు ఆ పేరు పట్టుకుని తన ఊళ్లో ఎక్కడైనా కొనుక్కుంటాడు.

ఇంత చిన్న నియమం ఇంత పని చేస్తుందని నేను అనుకోలేదు. లోపల ఏముందో తెలియని డబ్బాలకు సాంకేతిక నామం ఉండదు కాబట్టి, గ్యారంటీ మందులవాళ్లకు రాయడానికి ఏమీ మిగల్లేదు. ఒకే రసాయనాన్ని రెండు పేర్లతో కొని రెండుసార్లు కొట్టడం కూడా తగ్గిందని రైతులే చెప్పారు. అమ్ముకునేవారి కోసం గ్రూపులో ఒక టాపిక్ (గ్రూపు లోపలే ఉండే విభాగం) విడిగా పెట్టాం. అక్కడ లైసెన్సు నంబరు రాసి, బిల్లు ఇస్తామని చెప్పి పెట్టుకోవచ్చు. విత్తనం అమ్మాలన్నా, పురుగుమందు అమ్మాలన్నా చట్టప్రకారం లైసెన్సు ఉండాల్సిందే కనుక ఇది కొత్త భారం కాదు. బీజీ-3 పోస్టులు మాత్రం ఎవరు పెట్టినా తీసేస్తాం.

పెద్దవాళ్లు పెట్టే శుభోదయం బొమ్మలు, దేవుడి ఫొటోలను స్పామ్‌గా చూడం. వాటికీ ఒక టాపిక్ ఉంది. అలవాటుగా ధరల మధ్యలో పెడితే, తీసేసే ముందు మర్యాదగా చెబుతాం.

చట్టం సంగతి

అడ్మిన్‌గా ఉండటానికి చాలామంది భయపడతారు, ఎవరో పెట్టినదానికి తమ మీద కేసు వస్తుందని. సభ్యుడు పెట్టిన అభ్యంతరకరమైన పోస్టుకు అడ్మిన్‌ను, కేవలం అడ్మిన్ అయినందుకే, బాధ్యుణ్ణి చేయలేమని బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. రెండూ వాట్సాప్ గ్రూపుల కేసులే. ఆ ధైర్యంతోనే మా దగ్గర కొత్త అడ్మిన్లు ముందుకొచ్చారు. ఫోన్లకు వచ్చే అనవసరపు కాల్స్‌ను ఆపే డీఎన్‌డీ నమోదు టెలిగ్రామ్ సందేశాలకు వర్తించదు. కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలోని చక్షు విభాగంలో మాత్రం మోసపు కాల్స్, ఎస్‌ఎంఎస్, వాట్సాప్ సందేశాల మీద ఫిర్యాదు చేయవచ్చు. దొంగ సందేశంలో ఫోన్ నంబరు ఇచ్చి ఆ నంబరు నుంచి కాల్ చేస్తే మా సభ్యులు అక్కడ నమోదు చేస్తున్నారు.

ఇప్పుడున్న స్థితి

ఏఐ వచ్చాక స్పామ్ తెలుగు మెరుగుపడింది. ఒకప్పుడు యాంత్రికమైన అనువాదం చూసి ‘ఇది దొంగది’ అనుకునేవాళ్లం, ఆ ఆనవాలు పోయింది. గుమ్మం దగ్గరి ప్రశ్నలకు కూడా ఇప్పుడు కొన్ని ఖాతాలు చక్కని జవాబులు ఇస్తున్నాయి. మరీ చక్కగా ఉండటమే అనుమానం కలిగిస్తోంది. రైతు తాలు గురించి రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటాడు, ఇవి పాఠం చెబుతున్నాయి. అందుకే ప్రశ్నకు తోడు, ‘మీ తోటలో ఈ రోజు కనిపిస్తున్నది ఒక ఫొటో తీసి పంపండి’ అని అడగడం మొదలుపెట్టాం. కౌలు దొరకని రోజుల్లో, పంట లేని నెలల్లో చేరాలనుకునేవారికి ఇది ఇబ్బందే. వారిని తెలిసిన సభ్యుడు ఎవరైనా ఒక మాట చెబితే చేర్చుకుంటున్నాం.

ఇంకా మా చేతికి చిక్కనిది ఫోన్ కాల్. తన నంబరును తానే గ్రూపులో రాసుకునే రైతుకు అవతలి నుంచి నేరుగా కాల్ వస్తోంది. బాట్ ఇప్పుడు పదంకెల నంబరున్న సందేశాన్ని తీసేసి, నంబరు లేకుండా మళ్లీ పెట్టి, ‘నంబరు కావలసినవారు అడ్మిన్‌ను అడగండి’ అని రాస్తోంది. మిర్చి కొనే వ్యాపారులకు, కోత కూలీలను కుదుర్చుకునేవారికి ఇది అడ్డం వస్తోందని ఫిర్యాదులున్నాయి, వాటిలో న్యాయం ఉంది. కోతల కాలం వరకైనా అమ్మకాల టాపిక్‌లో నంబర్లను వదిలేద్దామా అన్నది అడ్మిన్ల మధ్య ఇంకా తేలలేదు.